జెట్ ఇంజన్ షాఫ్టుకు బాల్ బేరింగు ఒక్కచోటే, మిగతా చోట్ల రోలర్లే ఎందుకు?

అక్షరేఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. రెండు షాఫ్టులున్న టర్బోఫ్యాన్ ఇంజన్ నిలువుకోత బొమ్మను ముందుపెట్టుకుని, తిరిగే భాగాలు దేనిమీద ఆనుకుని ఉన్నాయో ఒక్కొక్కటిగా గుర్తిస్తూ పోయాను. ముందున్న ఫ్యాను మొదలుకొని వెనక చివరి టర్బైను దాకా తిరిగే సరంజామా మొత్తాన్ని పట్టి ఉంచేవి ఐదారు బేరింగులు మాత్రమేనని చూసి ఆశ్చర్యపోయాను. వాటి అమరిక ఇంకా వింతగా అనిపించింది. ఒక్కో షాఫ్టుకు ఒక్కటే బాల్ బేరింగు ఉంది, అదీ ముందువైపు, కంప్రెసరు దగ్గర. మిగిలినవన్నీ రోలర్ బేరింగులే.

నాకు తోచినంతలో వేడి, ఒత్తిడి ఎక్కువగా ఉండేది టర్బైను వైపే కాబట్టి షాఫ్టును గట్టిగా పట్టుకోవలసిందీ అక్కడే. మరి ముందువైపు బిగించి, వెనకవైపు వదిలేయడం ఎందుకు? ఇంకో సందేహం కూడా ఉంది. విద్యుత్కేంద్రాల్లోని ఆవిరి టర్బైన్లు ఆయిల్ పొర మీద తేలే జర్నల్ బేరింగులతో నడుస్తాయని, తిరుగుతున్నంతసేపూ వాటిలో లోహానికి లోహం తగలనే తగలదని చదివాను. దాదాపు అరుగుదలే లేని పద్ధతి ఒకటి ఉండగా, విమానం ఇంజన్లో గుండ్లు, రోలర్లు దొర్లే పద్ధతినే ఎందుకు పట్టుకుని ఉన్నారు? పైగా 1,500 డిగ్రీల సెల్సియస్ దాటిన వాయువు ప్రవహించే దారికి అంత దగ్గరగా ఉన్న ఉక్కు బేరింగు మెత్తబడకుండా ఎలా నిలుస్తుంది?

సూత్రాలు చెప్పినా ఫరవాలేదు గానీ, అవి ఇంజన్లో ఎక్కడ, ఏ రూపంలో కనిపిస్తాయో కూడా వివరిస్తే మేలు చేసినవారవుతారు.

రోటర్‌గది

అక్షరేఖ గారూ, బేరింగు అంటే బరువు మోసేది అన్న ఊహతో మొదలుపెడితే ఈ అమరిక ఎప్పటికీ తలకిందులుగానే కనిపిస్తుంది. షాఫ్టును ఒకచోట ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకోవడం ఎంత అవసరమో, మిగిలిన అన్నిచోట్లా దాన్ని ఆ దిశలో జరగనివ్వడం కూడా అంతే అవసరం. బాల్ బేరింగు మొదటి పని చేస్తుంది, రోలర్ బేరింగులు రెండో పని చేస్తాయి.

జరగనివ్వడం ఎందుకో లెక్క వేసి చూడండి. మీటరు పొడవున్న ఉక్కు షాఫ్టు 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు సాగుతుంది. చుట్టూ ఉన్న కేసింగు కూడా సాగుతుంది గానీ, అంతే మోతాదులో సాగదు, అదే సమయంలోనూ సాగదు. స్టార్ట్ చేసిన కొత్తలో ఒకటి ముందు వేడెక్కుతుంది, ఆపిన తరువాత ఒకటి ముందు చల్లారుతుంది. రెండు చివరలా బిగించి కూర్చుంటే ఆ తేడాకు చోటు దొరకక, బేరింగుల మీద ఎవరూ లెక్కలోకి తీసుకోని బలం పడుతుంది. అందుకని రోలర్ బేరింగులో ఒక రేసుకు (రోలర్లు దొర్లే లోపలి, బయటి ఉంగరాలను రేసులంటారు) అంచులు లేకుండా నున్నగా వదిలేస్తారు. రోలర్లు అడ్డంగా వచ్చే బరువును మోస్తూనే, ఆ నున్నటి రేసు మీద పొడవునా కొంత దూరం జరగగలుగుతాయి. షాఫ్టు సాగినప్పుడు వెనక చివర ఉన్న రోలర్లు కొద్దిగా వెనక్కు జరిగి కూర్చుంటాయి, అంతే.

ఇక పట్టుకోవడం సంగతి. కంప్రెసరు రెక్కలు గాలిని వెనక్కు తోస్తాయి కాబట్టి ఆ రోటరు ముందుకు లాగబడుతుంది. టర్బైను మీద వాయువు వెనక్కు తోస్తుంది. ఈ రెండూ విడివిడిగా చూస్తే చాలా పెద్ద బలాలు. కానీ రెండింటినీ కలిపింది ఒకే షాఫ్టు కాబట్టి అందులో చాలా భాగం షాఫ్టులోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మిగిలిన తేడా మాత్రమే బాల్ బేరింగుకు చేరుతుంది. ఆ తేడా ఎంత ఉండాలన్నది కూడా యాదృచ్ఛికం కాదు. డిస్కుల ముందూ వెనకా ఉన్న ఖాళీల్లో ఎంత పీడనంతో గాలి నింపాలో, ఏ వ్యాసం దగ్గర సీలు పెట్టాలో నిర్ణయించి ఆ తేడాను సరిచేస్తారు. సున్నాకు తెచ్చేస్తే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది, కానీ అలా చేయరు. బలం సున్నా దగ్గర ఊగిసలాడితే గుండ్లు పట్టు తప్పి దొర్లడం మాని జారతాయి. అది ఎక్కువ బరువు మోయడం కంటే ప్రమాదకరం. ఇంజన్ ఎక్కువ కాలం గడిపే వేగాలన్నింటిలోనూ బలం ఒకే దిశలో, కొంతైనా మిగిలి ఉండేలా చూస్తారు.

ముందువైపే ఎందుకు బిగించారన్నదానికి చల్లదనం ఒక కారణం మాత్రమే. ఫ్యాను వెనక ఉండే ఫ్రేము ఇంజన్‌లో చాలా దృఢమైన భాగం. బాల్ బేరింగు నుంచి వచ్చే బలం దాని ద్వారా ఇంజన్ మౌంటుకు, అక్కడినుంచి విమానానికి సూటిగా చేరుతుంది. బొమ్మల్లో సాధారణంగా గమనించని కారణం ఇంకొకటి ఉంది. అధిక పీడన షాఫ్టు (వెనకవైపు కంప్రెసరునూ, దాన్ని తిప్పే టర్బైనునూ కలిపేది) ముందు కొసన ఒక బెవెల్ గేరు ఉంటుంది, దాని నుంచే ఫ్యూయల్ పంపు, జనరేటరు వగైరాలు ఉన్న గేర్‌బాక్సుకు చలనం వెళుతుంది. బెవెల్ గేర్లు పళ్లు సరిగ్గా కలవాలంటే ఆ కొస ముందుకూ వెనక్కూ జరగకూడదు. కాబట్టి బిగింపు దాని పక్కనే ఉండడం సహజం. మూడు షాఫ్టులున్న ఆర్‌బీ211 వంశపు ఇంజన్లలో కూడా మూడు బాల్ బేరింగులూ కంప్రెసర్ల మధ్య ఉన్న కేసింగులోనే ఒకచోట చేరి ఉంటాయి.

మీరు చూస్తున్న బొమ్మ ఏ ఇంజన్‌దో తెలియదు గానీ, సీఎఫ్ఎమ్56ను ఉదాహరణగా తీసుకుంటే స్పష్టంగా ఉంటుంది. అందులో ఒకటో నంబరు బాల్, రెండో నంబరు రోలర్ ఫ్యాను షాఫ్టుకు ముందువైపు ఉంటాయి. మూడో నంబరు చోట బాల్, రోలర్ పక్కపక్కనే ఉండి, అక్షం వెంట బలాన్ని బాల్, అడ్డంగా వచ్చేదాన్ని రోలర్ పంచుకుంటాయి. ఐదో నంబరు వెనక చివర ఉన్న రోలర్. నాలుగోది నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచే బేరింగు. దాని బయటి రేసు అధిక పీడన షాఫ్టుకు, లోపలి రేసు అల్ప పీడన షాఫ్టుకు, అంటే ఫ్యాను షాఫ్టుకు, బిగించి ఉంటాయి. అంటే స్థిరంగా నిలబడిన భాగమంటూ అందులో ఒక్కటీ లేదు, తిరిగే షాఫ్టు తిరిగే షాఫ్టు మీదే ఆనుకుని ఉంటుంది. ఇలా చేయడం వల్ల రెండు టర్బైన్ల మధ్య, అంటే మంటకు అతి దగ్గరగా, ఇంకొక ఫ్రేమును నిలబెట్టే అవసరం తప్పింది, బరువూ పొడవూ తగ్గాయి. ఒక షాఫ్టు కంపనం రెండోదానికి చేరే దారి ఏర్పడడం దీనికి చెల్లించే మూల్యం.

బాల్ బేరింగు లోపలి రేసు బొమ్మలో రెండు ముక్కలుగా కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు. రేసును అలా చీల్చితే గాడి అంచులను ఎత్తుగా ఉంచి, ఎక్కువ గుండ్లు పట్టించి, గుండ్లను ఎడంగా ఉంచే చట్రమైన కేజ్‌ను అతుకు లేకుండా ఒకే ముక్కగా చేయవచ్చు. బలం ఏ దిశ నుంచి వచ్చినా కాచుకోగలుగుతుంది.

ఆవిరియంత్రం

నేను పనిచేసేది విద్యుత్కేంద్రంలోని టర్బైన్ల దగ్గర కాబట్టి అక్షరేఖ గారి రెండో ప్రశ్నలో మా వైపు కథ చెబుతాను.

మా యంత్రం నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. రోటర్లు ఒక్కొక్కటి పదుల టన్నుల బరువుంటాయి. ఆ బరువును మోసేది తెల్లలోహం, అంటే బాబిట్, పూసిన జర్నల్ బేరింగు. షాఫ్టు తిరుగుతూ ఆయిల్‌ను తనతోపాటు ఇరుకులోకి లాక్కుపోతుంది, అక్కడ పీడనం పెరిగి, తడిరోడ్డు మీద వేగంగా పోయే బండి టైరు నీటిమీద తేలినట్టు, షాఫ్టు ఆయిల్ మీద తేలుతుంది. ఆ పొర మందం పదుల మైక్రోమీటర్లలో ఉంటుంది. అక్షం వెంట వచ్చే బలానికి వేరే థ్రస్ట్ బేరింగు ఉంటుంది, షాఫ్టుకు ఉన్న కాలరు రెండు పక్కలా ఒరుగుతూ సర్దుకునే ప్యాడ్ల మీద ఆనుతుంది. పైన రోటర్‌గది గారు చెప్పినట్టు ఒకచోట పట్టుకోవడం, మిగతా చోట్ల వదిలేయడం అనే పద్ధతి ఇక్కడా అదే. తేడా ఏమిటంటే జర్నల్ బేరింగు నున్నటి గొట్టం లాంటిది కాబట్టి జరగడానికి అందులో ప్రత్యేక ఏర్పాటేదీ అవసరం లేదు.

బాగా చూసుకుంటే ఈ బేరింగులు దశాబ్దాలు పనిచేస్తాయన్న మాట నిజమే. కానీ ఆ బాగా చూసుకోవడం వెనక ఎంత సరంజామా ఉందో పాఠ్యపుస్తకం చెప్పదు. నిలిచి ఉన్న షాఫ్టు కింద ఆయిల్ పొర ఉండదు కాబట్టి, తిప్పడం మొదలుపెట్టే ముందు జాకింగ్ ఆయిల్ పంపుతో అధిక పీడనం పెట్టి షాఫ్టును పైకి లేపాలి. యంత్రాన్ని ఆపిన తరువాత వేడి రోటరు వంగిపోకుండా బారింగ్ గేరుతో గంటల తరబడి నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి. ఆయిల్ సరఫరా కొన్ని సెకన్లు ఆగినా బాబిట్ కరిగి తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, ప్రధాన పంపు ఆగితే ఏసీ పంపు, కరెంటు మొత్తం పోతే బ్యాటరీ మీద నడిచే డీసీ పంపు సిద్ధంగా ఉండాలి. ఇక ఆయిల్ ట్యాంకు ఒక గదంత ఉంటుంది. దీన్నంతటినీ రెక్క కింద వేలాడదీయడం ఎలాగో మీరే ఊహించుకోండి.

భూమి మీద నడిచే గ్యాస్ టర్బైన్లలో రెండు రకాలూ కనిపిస్తాయి. విద్యుత్తు కోసమే రూపొందించిన బరువైన యంత్రాలు మాలాగే జర్నల్ బేరింగుల మీద నడుస్తాయి. విమాన ఇంజన్ నుంచి పుట్టిన ఎల్ఎమ్2500 లాంటివి మాత్రం గుండ్లు, రోలర్లనే ఉంచుకున్నాయి.

రోటర్‌గది

ఆవిరియంత్రం గారు సగం పని చేసి పెట్టారు. మిగతా సగం చెబుతాను.

దొర్లే బేరింగుకు కావలసిన ఆయిల్ చాలా తక్కువ. గుండు రేసును తాకే చిన్న మచ్చలాంటి చోట పీడనం వాతావరణ పీడనానికి పదివేల రెట్లు దాటుతుంది. ఆ పీడనంలో ఆయిల్ చిక్కదనం విపరీతంగా పెరిగి, ఆ క్షణానికి దాదాపు ఘనపదార్థంలా ప్రవర్తిస్తుంది. దాని మందం ఒక మైక్రోమీటరుకు అటూ ఇటూగా, చాలాసార్లు అంతకంటే తక్కువగానే ఉంటుంది. అయినా ఉపరితలాలు అద్దంలా నునుపుగా ఉంటాయి కాబట్టి ఆ పొర చాలు. కాబట్టి లోహానికి లోహం తగలకపోవడం జర్నల్ బేరింగుకే ప్రత్యేకమైన గుణం కాదు. చల్లగా ఉన్నప్పుడు కూడా తక్కువ బలంతో తిప్పి స్టార్ట్ చేయవచ్చు, విమానం ఒరిగినప్పుడో గాలిలో ఎగిరిపడినప్పుడో కొద్దిసేపు ఆయిల్ అందకపోయినా ఓర్చుకుంటుంది, పాడవడం మొదలైతే ముందుగా సూచనలు ఇస్తుంది. అంత పెద్ద వ్యాసంలో, అంత వేగంలో జర్నల్ బేరింగు ఆయిల్‌ను చిలకడానికే వృథా చేసే శక్తి కూడా చాలా ఎక్కువ.

అయితే విమానాల్లో జర్నల్ బేరింగు లేనేలేదని అనుకోకండి. ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ టర్బోఫ్యాన్లలో ఫ్యాను వేగాన్ని తగ్గించే గేర్‌బాక్సు ఉంది కదా, అందులోని గేర్లు తిరిగేది జర్నల్ బేరింగుల మీదే. చిన్న చోటులో పెద్ద బరువు, అంతగా లేని వేగం ఉన్నచోట అదే సరైన ఎంపిక.

దొర్లే బేరింగుకు అసలు శత్రువు బయటి బరువు కాదు, తన వేగమే. లోపలి రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో, వేగాన్ని నిమిషానికి చుట్లలో తీసుకుని గుణిస్తే వచ్చే అంకెను డీఎన్ అంటారు. గ్రీజుతో నడిచే మామూలు బేరింగులకు ఇది చాలావరకు ఐదు లక్షల లోపే ఉంటుంది. 150 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న బేరింగును 12,000 చుట్లతో తిప్పితే 18 లక్షలు. నేటి ఇంజన్లలో 20 లక్షలు దాటడం కొత్త సంగతి కాదు. ఆ 18 లక్షల బేరింగులోనే 28 మిల్లీమీటర్ల ఉక్కు గుండు ఒకటి ఉందనుకోండి. దాని బరువు 90 గ్రాములు. గుండ్ల కేంద్రాల గుండా గీసిన వృత్తం వ్యాసం 200 మిల్లీమీటర్లు అనుకుంటే, గుండ్ల వరుస షాఫ్టు వేగంలో సగానికి కాస్త తక్కువ వేగంతో చుట్టూ తిరుగుతుంది. అప్పుడు ఆ 90 గ్రాముల గుండు బయటి రేసును సుమారు 2,700 న్యూటన్ల బలంతో, అంటే 280 కిలోల బరువు పెట్టినంతగా, ఒత్తుతుంది. ఇంజన్ ఇంకా ఏ పనీ చేయకముందే పడే బరువు ఇది, ప్రతి గుండుకూ. అదే గుండును సిలికాన్ నైట్రైడ్ అనే పింగాణీ పదార్థంతో చేస్తే సాంద్రత ఉక్కులో నలభై శాతమే కాబట్టి ఈ బలం కూడా అదే నిష్పత్తిలో 1,100 న్యూటన్ల దగ్గరికి దిగుతుంది. రేసులు ఉక్కువి, గుండ్లు పింగాణీవి అయిన ఈ మిశ్రమ బేరింగుల మీద అంత ఆసక్తి ఎందుకో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

వేడి విషయానికి వస్తే, మామూలు బేరింగు ఉక్కు 150 డిగ్రీలు దాటి కొంతదూరం పోయేసరికి గట్టిదనం కోల్పోతుంది. అందుకే క్రోమియం, మాలిబ్డినం నాలుగేసి శాతం, వెనేడియం ఒక శాతం ఉన్న ఎం50 ఉక్కును వాడతారు. అది 300 డిగ్రీల దాకా గట్టిదనం నిలుపుకుంటుంది. శూన్యంలో రెండుసార్లు కరిగించి దానిలోని మలినాలను తీసేస్తారు, ఎందుకంటే అలసట పగులు మొదలయ్యేది చాలాసార్లు అలాంటి మలినపు రేణువు దగ్గరే. అతివేగంగా తిరిగే లోపలి రేసు తన వేగానికి తానే విచ్చుకోవాలని చూస్తుంది, అప్పుడు పైపొరలో ఒక పగులు పుడితే నిట్టనిలువునా చీలిపోయే ప్రమాదం ఉంది. దానికి విరుగుడుగా వచ్చిందే ఎం50 నిల్: పైపొర గట్టిగా, లోపలి గుజ్జు సాగుడు గుణంతో ఉండేలా చేసిన రకం.

కానీ ఉక్కు ఎంత మంచిదైనా అది ఆఖరి కాపలా మాత్రమే. బేరింగును చల్లగా ఉంచేది ఆయిల్. ఇంజన్లో ప్రవహించే ఆయిల్‌లో జారుడు కోసం కావలసింది చాలా కొద్ది పాలు, మిగిలిందంతా వేడిని మోసుకుపోవడానికే. వేగం పెరిగేకొద్దీ పక్కనుంచి చిమ్మిన ఆయిల్ గుండ్ల మధ్యకు చేరకుండా చెదిరిపోతుంది, చుట్టూ సుడి తిరిగే గాలి దాన్ని తోసేస్తుంది. అందువల్ల ఆయిల్‌ను షాఫ్టు లోపలి అంచున పట్టి, లోపలి రేసులో చెక్కిన సన్నటి దారుల గుండా, షాఫ్టు తిరగడం వల్ల పుట్టే బలంతోనే గుండ్ల దగ్గరికి కిందనుంచి పంపిస్తారు. దారిలో లోపలి రేసు కూడా చల్లబడుతుంది.

అక్షరేఖ

ఇద్దరికీ కృతజ్ఞతలు. రోటర్‌గది గారూ, బలం తగ్గితే గుండ్లు జారతాయన్న మాట దగ్గర ఆగిపోయాను. బేరింగు ఆయుర్దాయం సూత్రంలో బరువు సగానికి తగ్గితే బాల్ బేరింగుకు ఆయువు ఎనిమిది రెట్లవుతుందని చదువుకున్నాం. ఆ లెక్కన బరువు పెద్దగా పడని వెనకవైపు రోలర్ బేరింగు ఎప్పటికీ పాడవకూడదు కదా?

రాత్రిషిఫ్టు

నేను ఇంజన్ల మరమ్మతులో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు వదిలేయండి. మీరు చెప్పిన సూత్రం లోహం అలసట గురించి మాత్రమే మాట్లాడుతుంది. రోలరు నిజంగా దొర్లుతోంది అన్నది అది ముందే ఒప్పేసుకున్న షరతు. ఆ షరతు తప్పినచోట ఆ అంకెలకు అర్థం లేదు.

రోలర్లను తిప్పేది లోపలి రేసు పట్టు. వేగం పెరిగేకొద్దీ రోలర్లు తమ బరువుకే బయటికి తోసుకుపోయి బయటి రేసుకు అతుక్కుంటాయి, లోపలి రేసుతో పట్టు సడలుతుంది. పైనుంచి రోటరు బరువు కూడా పెద్దగా లేకపోతే, రోలర్లూ కేజ్‌ కలిసి ఉండవలసిన వేగం కంటే వెనకబడతాయి, లోపలి రేసు వాటి కిందనుంచి రుద్దుకుంటూ పోతుంది. దీన్నే స్కిడ్డింగ్ అంటాం. విప్పిన బేరింగులో రేసు మీద అద్దపు మెరుపు పోయి, ఊదినట్టు మసకబారిన పట్టీ కనిపిస్తే అది ఈ జారుడు గుర్తే. వెలుతురును ఏటవాలుగా పట్టి, రేసును నెమ్మదిగా తిప్పుతూ చూస్తేగాని కంటికి ఆనదు. నివారణ వినడానికి విడ్డూరంగా ఉంటుంది: బయటి రేసును కావాలనే సంపూర్ణ వృత్తంగా కాకుండా, రెండు మూడు చోట్ల లోపలికి సన్నగా నొక్కినట్టు చేస్తారు. రోలర్లు ఆ చోట్లకు వచ్చినప్పుడల్లా నొక్కుడుపడి తప్పనిసరిగా దొర్లుతాయి. ఆయువు కోసం అదనపు బరువు పెట్టడమన్నమాట.

కేజ్‌ గురించి ఎవరూ ఎక్కువ చెప్పలేదు. గుండ్లను ఎడంగా ఉంచడమే దాని పని అనిపిస్తుంది గానీ, ఎక్కువ వేగాల్లో ముందుగా ఇబ్బంది పడేది తరచుగా అదే. ఇంజన్ బేరింగుల్లో దాన్ని గట్టి ఉక్కుతో చేసి పైన వెండి పూత పూస్తారు. ఆయిల్ కొద్దిసేపు కరువైనా వెండి మెత్తగా జారనిస్తుంది. ఆయిల్ పరీక్షలో వెండి పాలు పెరుగుతున్నట్టు కనిపిస్తే, ఆ ఇంజన్లో వెండి ఇంకెక్కడ ఉందో చూసుకుని, కేజ్‌ మీద అనుమానపడతాం.

బేరింగు ముందుగా సూచనలు ఇస్తుందని పైన అన్నారు. ఆ సూచనలు అందేది ఆయిల్ తిరిగివచ్చే గొట్టాల్లో ఉండే అయస్కాంతపు చిప్ డిటెక్టర్ల ద్వారా. రేసు మీద పొలుసు లేచినప్పుడు ఊడిన రేణువులు దానికి అంటుకుంటాయి. వాటిని తీసి, ఏ మిశ్రమలోహమో పరీక్షిస్తారు. గేరు ఉక్కు అయితే ఒక దారి, ఎం50 అయితే ఇంకో దారి, ఎందుకంటే రెండోది ప్రధాన బేరింగు నుంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు మాన్యువల్‌లో రాసినదాన్ని బట్టి ఇంజన్‌ను రెక్క మీదనుంచి దించవలసి కూడా రావచ్చు. పింగాణీ గుండ్ల మీద నాకున్న చిన్న గొణుగుడు ఇక్కడే: వాటి ముక్క అయస్కాంతానికి అంటదు. రేసు చెడితే తప్ప మాకు కబురు రాదు.

ఇక మీ ప్రశ్నలోని వేడి గురించి, వాయువు ప్రవాహానికీ బేరింగుకూ మధ్య ఏముందో చూస్తేగాని జవాబు పూర్తి కాదు. బేరింగు ఒక్కటే విడిగా ఉండదు, సంప్ అనే మూసిన గదిలో ఉంటుంది. ఆ గది గోడల చుట్టూ కంప్రెసరు నుంచి తెచ్చిన, టర్బైను వాయువుతో పోలిస్తే చాలా చల్లనైన గాలిని కొద్ది పీడనంతో నింపుతారు. లాబిరింత్ సీళ్లు, కార్బన్ సీళ్ల గుండా గాలి ఎప్పుడూ బయటినుంచి లోపలికే కారుతుంది, కాబట్టి ఆయిల్ బయటికి రాదు, వేడి వాయువు లోపలికి పోదు. గదిలో చేరిన ఆయిల్, గాలి కలిసిన నురగను స్కావెంజ్ పంపులు లాగేస్తాయి. నురగ పరిమాణం ఆయిల్ కంటే చాలా ఎక్కువ కాబట్టి, పంపించే పంపు కంటే లాగే పంపుల సామర్థ్యం ఎక్కువగా ఉంటుంది. ఈ ఏర్పాటులో బేరింగు కంటే సాదాసీదాగా కనిపించే భాగం తప్పినా ఫలితం భయంకరంగా ఉంటుంది.

2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి బయలుదేరిన క్వాంటాస్ 32వ నంబరు విమానం, ఏ380, అందుకు ఉదాహరణ. దాని ట్రెంట్ 900 ఇంజన్లలో ఒకదానిలో అధిక, మధ్యమ పీడన షాఫ్టుల బేరింగు గదికి ఆయిల్ తెచ్చే పొట్టి గొట్టం ఒకటి ఉంది. తయారీలో దాని లోపల తొలిచిన రంధ్రం మధ్యగీత తప్పడంతో గొట్టం గోడ ఒక పక్క పలచనైంది. అలసటతో అక్కడే పగిలి, ఆయిల్ వేడిచోటులోకి చిమ్మి అంటుకుంది. ఆ మంట మధ్యమ పీడన టర్బైను డిస్కును షాఫ్టు నుంచి వేరుచేసింది. పట్టు వదిలిన డిస్కు వేగం మితిమీరి బద్దలైంది. విమానంలో 469 మంది ఉన్నారు, అందరూ క్షేమంగా దిగారు. బేరింగు తన పనిలో ఏ లోపమూ చేయలేదు, దానికి ఆయిల్ తెచ్చే గొట్టం పలచబడింది.

రోటర్‌గది

రాత్రిషిఫ్టు గారి మాటలకు ఒక్క సంగతి జోడిస్తాను, పరీక్షల్లో కూడా అడుగుతారు కాబట్టి. గుండ్లు, రోలర్లు చాలా బిరుసైనవి, కంపనాన్ని అణచే గుణం వాటిలో దాదాపు లేదు. రోటరు తన క్రిటికల్ స్పీడును, అంటే కంపనం ఉధృతమయ్యే వేగాన్ని, దాటేటప్పుడు ఇది పెద్ద లోటు. జర్నల్ బేరింగులో ఆయిల్ పొర ఆ పని ఊరకే చేసిపెడుతుంది. అందుకని కొన్ని బేరింగుల బయటి రేసును ఫ్రేముకు నేరుగా బిగించకుండా, రెంటి మధ్య మిల్లీమీటరులో పదో వంతు ఖాళీ వదిలి, అందులో ఆయిల్ నింపుతారు. బయటి రేసు తిరగకుండా ఆపి, ఊగడానికి మాత్రం వీలిస్తారు. అది ఊగినప్పుడల్లా ఆయిల్ నలిగి అటూ ఇటూ తోసుకుపోతూ కంపనపు శక్తిని మింగేస్తుంది. స్క్వీజ్ ఫిల్మ్ డాంపర్ అంటే ఇదే. అంటే జర్నల్ బేరింగు నుంచి కావలసిన ఒక్క గుణాన్ని అరువు తెచ్చి, దొర్లే బేరింగు చుట్టూ చుట్టారు.

అక్షరేఖ

చాలా స్పష్టమైంది. ఒక్క చిన్న ప్రశ్న మిగిలింది. ఆవిరి టర్బైనును ఆపాక గంటల తరబడి తిప్పుతారన్నారు. విమానం ఇంజన్‌ను ఆపేశాక ఎవరూ తిప్పరు కదా, ఆ వేడి ఏమవుతుంది?

రాత్రిషిఫ్టు

ఆ వేడి నెమ్మదిగా బేరింగు గదుల్లోకి నానుతుంది. ఆపేసరికి ఆయిల్ ప్రవాహమూ, చుట్టూ ఉన్న గాలీ రెండూ ఆగిపోతాయి, కానీ డిస్కులు ఇంకా వేడిగానే ఉంటాయి. వెనకవైపు సంప్ గోడలకు, ఆయిల్ గొట్టాల లోపల అంటుకున్న కొద్దిపాటి ఆయిల్ ఉడికి నల్లటి గట్టి పెచ్చులా మారుతుంది, దాన్ని కోక్ అంటాం. ఆ పెచ్చు గొట్టాన్ని ఇరుకు చేయవచ్చు, ఊడిపడి ఆయిల్ చిమ్మే సన్నటి రంధ్రాన్ని మూసేయవచ్చు. అందుకే విమానం దిగాక ఇంజన్‌ను వెంటనే ఆపకుండా కొద్ది నిమిషాలు ఐడిల్‌లో నడపాలని నిబంధన ఉంటుంది. రోటరు వంగడం కూడా నిజమే: పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా ఉండి షాఫ్టు కొద్దిగా విల్లులా వంగుతుంది. ఇంకా చల్లారని ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు దాన్ని మండించే ముందు కాసేపు స్టార్టరుతో ఊరకే తిప్పి, వంపు సర్దుకున్నాక వేగం పెంచుతారు. 2016లో సేవలోకి వచ్చిన పీడబ్ల్యూ1100జీ ఇంజన్లు స్టార్ట్ కావడానికి మొదట్లో ఎక్కువ సమయం తీసుకున్నది ఈ వంపు వల్లనే. ఆ తరువాత వాటిలో మూడో, నాలుగో నంబరు బేరింగుల దగ్గర డాంపర్లు చేర్చారు.